హిట్లర్‌కు 50 ఏళ్ల ముందే రాజుకున్న నిప్పు.. బెర్లిన్ నుంచి చేబ్రోలు దాకా 'పుట్టుక' రాజకీయం

అనంతపురం: ఇంట్లో కాస్త గట్టిగా ఉండే పెద్దాయనను మనం సరదాగా 'హిట్లర్' అంటుంటాం. 1997లో చిరంజీవి హీరోగా ఆ పేరుతోనే సినిమా వచ్చింది. అందులో హిట్లర్ అంటే చెల్లెళ్లను కంటికి రెప్పలా కాచుకునే అన్నయ్య. ఇప్పుడు రీల్స్‌లో, వాట్సాప్ స్టేటస్‌ల్లో అదే పేరు మాస్ డైలాగ్ అయిపోయింది. తెలుగులో హిట్లర్ అంటే కోపిష్టి, అంతే. 60 లక్షల మంది యూదుల ప్రాణాలు తీసినవాడన్న సంగతి ఆ పేరులోంచి ఎప్పుడో జారిపోయింది.

అయితే అసలు ప్రశ్న హిట్లర్ గురించి కాదు. అతను పుట్టింది 1889లో. అంతకు పదేళ్ల ముందే, అంటే 1879లోనే, జర్మనీలో 'యాంటీసెమిటిజం' అనే మాట రాజకీయ నినాదంగా జనంలోకి వచ్చేసింది. మరి దాన్ని పుట్టించిందెవరు? ఎందుకు పుట్టించారు? కరువు సీమలో ఉన్నవాళ్లకు ఈ కథ అర్థం కావడం పెద్ద కష్టమేం కాదు. ఎందుకంటే అది మొదలైంది కూడా ఓ కష్టకాలంలోనే.

బుడగ పేలింది.. నింద మొదలైంది

1871లో చిన్నాపెద్దా రాజ్యాలన్నీ కలిసి ఒకే జర్మనీ అయ్యాయి. యుద్ధంలో ఓడిన ఫ్రాన్స్ నుంచి 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం వచ్చింది. ఇంకేముంది! రైల్వే కంపెనీలు, బ్యాంకులు, భూముల వెంచర్లు పుట్టగొడుగుల్లా లేచాయి. చిన్న దుకాణదారులు, పెన్షన్ తీసుకునేవాళ్లు కూడా దాచుకున్న సొమ్ము తీసి షేర్లలో పెట్టారు. 1873 మే నెలలో వియన్నా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. కొన్ని నెలలకే ఆ దెబ్బ బెర్లిన్‌కూ తగిలింది.

డబ్బు పోయినవాళ్లు అడిగింది ఒకటే. "మమ్మల్ని ముంచిందెవరు?" నిజమైన జవాబు ఇబ్బందికరంగా ఉంది. లాభాలు తిన్నవాళ్లలో జమీందారులు, రాజవంశీకులు, ప్రభుత్వ పెద్దలు కూడా ఉన్నారు. అసలు ట్విస్ట్ ఏంటంటే.. రైల్వే లైసెన్సుల గోల్‌మాల్‌ను 1873 ఫిబ్రవరిలో చట్టసభలో బయటపెట్టింది ఎడ్వర్డ్ లాస్కర్ అనే యూదు సభ్యుడే.

కానీ జనానికి చేరిన కథ వేరు. ఓటో గ్లాగౌ అనే జర్నలిస్ట్ 'గార్టెన్‌లౌబె' అనే వారపత్రికలో వరుస కథనాలు రాశాడు. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక అది. స్టాక్ మార్కెట్ మోసం మొత్తాన్నీ తీసుకెళ్లి యూదుల ఖాతాలో వేశాడు. అప్పటికి జర్మనీ జనాభాలో యూదులు ఒకటింపావు శాతం మాత్రమే. వాళ్లకు పూర్తి పౌర హక్కులు వచ్చి నాలుగైదేళ్లు కూడా కాలేదు.

1879.. ఒక కొత్త మాట

యూదులపై ద్వేషం యూరప్‌కు కొత్త కాదు. శతాబ్దాలుగా ఉన్నదే. కానీ పాత ద్వేషానికి మతం కారణం. బాప్తిస్మం తీసుకుంటే బయటపడే దారి ఒకటుండేది. 1879లో విల్‌హెల్మ్ మార్ అనే పాత్రికేయుడు ఆ దారికే తాళం వేశాడు. సమస్య వాళ్ల మతం కాదు, వాళ్ల జాతి అన్నాడు. మతం మార్చుకోవచ్చు, నెత్తురు మార్చుకోలేరన్నది ఆ వాదన సారం. అదే ఏడాది 'యాంటీసెమిటిక్ లీగ్' పెట్టాడు. వినడానికి సైన్స్ పదంలా ఉండటమే ఆ కొత్త మాట బలం.

అదే ఏడాది మరో రెండు గొంతులు తోడయ్యాయి. ఒకటి రాజాస్థాన మత బోధకుడు అడాల్ఫ్ స్టోకర్‌ది. కార్మికులను సోషలిస్టుల వైపు పోకుండా ఆపడానికి పార్టీ పెట్టి, యూదులను టార్గెట్ చేశాడు. రెండోది బెర్లిన్ యూనివర్సిటీ చరిత్ర ప్రొఫెసర్ హైన్రిష్ ఫాన్ ట్రైట్ష్కేది. వీధి మాటకు ఆయన చదువుకున్నోళ్ల మర్యాద తెచ్చిపెట్టాడు. ఆయన వ్యాసంలోని ఓ వాక్యాన్నే తర్వాత నాజీ పత్రిక 'డెర్ స్టూర్మర్' మొదటి పేజీ అడుగున నినాదంగా అచ్చేసుకుంది.

ఎదిరించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. అదే యూనివర్సిటీలో పనిచేసే మరో చరిత్రకారుడు థియోడోర్ మామ్‌సెన్ 1880లో ట్రైట్ష్కేకు గట్టిగా జవాబిచ్చాడు. అయినా యూదులను ప్రభుత్వ పదవుల నుంచి తప్పించాలన్న పిటిషన్‌పై సుమారు రెండున్నర లక్షల మంది సంతకాలు పెట్టారు. 1881లో అది చాన్స్‌లర్ బిస్మార్క్ ఆఫీసుకు చేరింది.

అప్పు నిజం.. నిందే అబద్ధం

అనంతపురం రైతు ప్రత్యేకంగా చూడాల్సిన పేరు ఇంకొకటి ఉంది. ఓటో బోకెల్. హెస్సే ప్రాంతంలోని మార్‌బర్గ్‌లో లైబ్రేరియన్. ఊరూరా తిరిగి జానపద పాటలు సేకరించేవాడు. అలా తిరుగుతూ రైతుల అప్పులు చూశాడు. అమెరికా నుంచి చవక ధాన్యం వచ్చి పడటంతో ధరలు పడిపోయిన రోజులవి. పశువులు, ధాన్యం, అప్పు.. మూడింటికీ రైతు చాలా చోట్ల యూదు వ్యాపారి దగ్గరికే వెళ్లేవాడు. వందల ఏళ్లుగా భూమి కొననివ్వక, చేతివృత్తుల సంఘాల్లో చేర్చుకోక యూదులను వ్యాపారంలోకి, వడ్డీలోకి నెట్టింది ఆ సమాజమే. ఆ సంగతి బోకెల్ చెప్పలేదు. 1887లో యూదు వ్యతిరేక ప్రచారంతోనే పార్లమెంటు సీటు గెలిచాడు. సహకార సంఘాలు పెట్టాడు, యూదులకు చోటు లేని పశువుల సంతలు పెట్టించాడు.

రైతు అప్పు నిజం. ధర పడటం నిజం. సహకార సంఘం మంచిదే. కానీ తప్పు చేసిన ఒక వ్యాపారిని కాకుండా, ఒక పుట్టుకనే దోషిగా నిలబెట్టడంతో అసలు కారణం మరుగున పడిపోయింది. సముద్రం దాటి వచ్చిన ధాన్యం గురించి మాట్లాడేవాళ్లు తగ్గారు. 1893 ఎన్నికలకల్లా యూదు వ్యతిరేక పార్టీలు ఏకంగా 16 సీట్లు గెలిచాయి.

'మనకంటూ ఒక చోటు'.. జియోనిజం పుట్టుక

దారులన్నీ మూసుకుపోతే మనిషి ఏం చేస్తాడు? 1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత అక్కడి యూదుల ఇళ్లు, దుకాణాలపై దాడులు జరిగాయి. ఒడెస్సాలో ఉండే లియో పిన్‌స్కర్ అనే డాక్టర్ అప్పటిదాకా యూదులు చుట్టూ ఉన్న సమాజంలో కలిసిపోవాలని నమ్మినవాడు. దాడుల తర్వాత మనసు మార్చుకున్నాడు. ఎవరో వచ్చి విముక్తి ఇవ్వరు, యూదులు తామే ఒక జాతిగా నిలబడాలంటూ 1882లో బెర్లిన్‌లో జర్మన్ భాషలోనే ఓ చిన్న పుస్తకం అచ్చేయించాడు. బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే.

ఆ తర్వాత వచ్చినవాడు థియోడోర్ హెర్జెల్. బుడాపెస్ట్‌లో పుట్టి పెరిగి, తర్వాత వియన్నాకు మారిన జర్నలిస్ట్. కుర్రాడిగా ఉన్నప్పుడు జర్మన్ జాతీయవాద విద్యార్థి సంఘంలో సభ్యుడు. అక్కడ యూదు ద్వేషం ముదరడంతో 1883లో రాజీనామా చేశాడు. పారిస్‌లో విలేకరిగా ఉన్నప్పుడు డ్రేఫస్ కేసు చూశాడు. దేశద్రోహం అంటూ ఓ అమాయక యూదు సైనికాధికారిపై తప్పుడు కేసు బనాయించిన ఉదంతం అది. 1896లో యూదులకు సొంత రాజ్యం కావాలంటూ హెర్జెల్ పుస్తకం రాశాడు. 1897 ఆగస్టు 29న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మొదటి జియోనిస్టు మహాసభ జరిగింది.

నిజానికి ఆ సభ మ్యూనిక్‌లో జరగాల్సింది. అడ్డుకున్నది అక్కడి యూదులే! "మేం జర్మన్లం, మాది మతం మాత్రమే వేరు" అన్నది వాళ్ల వాదన. ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. హెర్జెల్ కోరుకున్న పాలస్తీనా ఖాళీ నేల కాదు. అప్పటికే అక్కడ అరబ్బులు ఊళ్లు కట్టుకుని ఉన్నారు. జెరూసలేం మాజీ మేయర్ యూసుఫ్ అల్ ఖాలిదీ 1899లోనే హెర్జెల్‌కు చేరేలా లేఖ రాశాడు. యూదుల బాధ న్యాయమైనదేనంటూనే, పాలస్తీనాను మాత్రం వదిలేయమని కోరాడు. ఒక చోట గెంటివేత ఇంకో చోట ఇంకొకరి గొడవగా మారడం అక్కడే మొదలైంది.

అదే కాలంలో ఇక్కడ..

బెర్లిన్‌లో స్టాక్ మార్కెట్ కూలిన మూడేళ్లకు మన దగ్గర ధాత కరువు పడింది. 1876 నుంచి 78 దాకా. తెలుగు లెక్కలో ధాత నామ సంవత్సరం కాబట్టి ఆ పేరు. బళ్లారి, అనంతపురం పీఠభూమి ఆ కరువులో దారుణంగా దెబ్బతింది. దక్షిణ భారతంలో చనిపోయినవాళ్లు 50 లక్షలకు పైనే. ఒక పక్క జనం రాలిపోతుంటే మరో పక్క ఓడల్లో ధాన్యం ఎగుమతి ఆగలేదు.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనికి కాంట్రాక్టు తీసుకుని, కరువు బాధితులకు కూలి ఇప్పించాడు. వాళ్లలో ఎక్కువ మంది మాదిగలు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కడుపు ఒక కారణమైతే, ఊరి బయట ఉంచిన అంటరానితనం నుంచి బయటపడాలన్న ఆశ ఇంకో కారణం.

మరి కులం వదిలిందా? ఆంధ్రప్రదేశ్ రిజర్వేషన్ జాబితా చూస్తే జవాబు దొరుకుతుంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వాళ్ల పిల్లలకు 'బీసీ-సీ' అని వేరే గ్రూపే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. అంటే ఎస్సీ హోదా పోతుంది, తాతల పుట్టుక మాత్రం సర్టిఫికెట్‌లో మిగిలే ఉంటుంది.

చేబ్రోలులో హీబ్రూ ప్రార్థన

ఇక్కడే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం కథలోకి వస్తుంది. 1980ల చివర్లో అక్కడి కొన్ని మాదిగ కుటుంబాలు తాము క్రైస్తవులం కాదు, యూదులమని ప్రకటించుకున్నాయి. ఇజ్రాయెల్ నుంచి చెదిరిపోయిన పది తెగల్లో ఎఫ్రాయిము తెగ తమదని చెప్పుకున్నాయి. పేరు 'బెనె ఎఫ్రాయిమ్'. ఊళ్లోనే సినగాగ్ కట్టుకున్నారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. ఈ సమాజం మధ్య ఉండి అధ్యయనం చేసిన యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో పుస్తకం కూడా తెచ్చారు.

వాళ్ల వంశం కథ నిజమా కాదా అన్నది చరిత్రకారులు తేల్చాల్సిన విషయం. కానీ ఆ కథ చేసే పని మాత్రం స్పష్టం. ఊరు పెట్టిన పేరు పక్కన పెట్టి, తమ చరిత్ర తామే చెప్పుకోవడం. 1882లో పిన్‌స్కర్ చెప్పిందీ దాదాపు అదే. ఎవరో ఇచ్చే గౌరవం కోసం ఎదురుచూడకుండా తమ పేరు తామే పెట్టుకోవడం.

పోలిక ఇక్కడితో ఆపాలి. జర్మనీ యూదులు చట్టం ముందు సమానులయ్యాక, పైకి ఎదుగుతున్నారన్న కక్షతో దాడికి గురయ్యారు. మాదిగలను అసలు ఎదగనివ్వకుండా అడుగున ఉంచారు. రెండు గాయాలూ ఒకటి కావు. ఇంకో తేడా కూడా ఉంది. మణిపూర్, మిజోరం నుంచి వచ్చిన బ్నే మెనాషేలను పోయిన తెగ వారసులుగా 2005లో ఇజ్రాయెల్ చీఫ్ రబ్బీల్లో ఒకరు గుర్తించారు. తెలుగు బెనె ఎఫ్రాయిమ్‌కు అలాంటి గుర్తింపు దక్కలేదు. పుట్టుక పేరుతో ఇక్కడ తలుపు మూశారు. పుట్టుకకు రుజువు కావాలంటూ అక్కడా తలుపు తెరవలేదు.

ఫార్వర్డ్ నొక్కే ముందు..

1935లో నాజీలు న్యూరెంబర్గ్ చట్టాలు తెచ్చినప్పుడు యూదుడెవరో తేల్చడానికి తాతముత్తాతల లెక్క తీశారు. చర్చికి వెళ్లేవాళ్లు కూడా ఆ లెక్కలో యూదులే అయ్యారు. విల్‌హెల్మ్ మార్ 1879లో రాసింది 56 ఏళ్లకు చట్టమైంది. మధ్యలో దాన్ని మోసుకొచ్చింది ఒక్క హిట్లర్ కాదు. వారపత్రిక, ప్రొఫెసర్, మత బోధకుడు, రైతు నాయకుడు, రెండున్నర లక్షల సంతకాలు.

అనంతపురంలో వాన ముఖం చాటేసినప్పుడు, వేరుశనగ ధర పడినప్పుడు, బోరు ఎండి కుటుంబం బెంగళూరు బస్సెక్కినప్పుడు కోపం రావడం సహజం. అలాంటి రోజుల్లోనే ఫోన్‌లోకి ఓ మెసేజ్ వస్తుంది. "మీ కష్టానికి కారణం ఫలానా వాళ్లే" అంటుంది. ఆ 'ఫలానా' చోట ఒక కులం ఉండొచ్చు, ఒక మతం ఉండొచ్చు, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలు ఉండొచ్చు.

అప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే. అది ఒకరు చేసిన పనిని తప్పు పడుతోందా? లేక వాళ్ల పుట్టుకను తప్పు పడుతోందా? తూకంలో మోసం చేసిన వ్యాపారిపై ఫిర్యాదు చేయొచ్చు, ఇన్సూరెన్స్ డబ్బు ఎందుకు రాలేదని అధికారిని నిలదీయొచ్చు. వాటికి జవాబు దొరుకుతుంది. పుట్టుకపై వేసే నిందతో బోకెల్ పార్లమెంటుకు వెళ్లాడు. ధాన్యం ధర మాత్రం దాంతో పెరగలేదు.