బండి ఆగాక కాదు.. ముందే మేలుకోవాలి

బళ్లారి, సండూరు, హోస్పేట దారుల్లో ఒకప్పుడు ఖనిజం లారీల వరుసకు అంతు ఉండేది కాదు. రోడ్డు పక్క చెట్ల ఆకులు సైతం ఎర్రబారేవి. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువారు ఎందరో ఆ స్టీరింగును నమ్ముకునే పిల్లల్ని చదివించారు. అప్పు చేసి సొంత బండి కొన్నవారూ ఉన్నారు. గని ఉన్నంతకాలం బాడుగకు కొదవేముంటుందప్పా అన్నది అప్పటి ధీమా.

ఆ ధీమా 2011 జులై 29న చెదిరింది. బళ్లారి జిల్లాలో తవ్వకాలు నిలిపేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కంతులు కట్టలేక బండ్లు పోగొట్టుకున్నవారు, స్టీరింగు వదిలి కూలికి పోయినవారు ఉన్నారు.

నిజానికి అది ఉన్నట్టుండి పడిన పిడుగు కాదు. ఏడాది ముందే, 2010 జులైలో కర్ణాటక ప్రభుత్వం ఖనిజం ఎగుమతులు ఆపింది. రేవు లోడు ఆగినప్పుడే మబ్బు కమ్మినట్టు. అయినా "ఏం కాదులే, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది" అనుకున్నవారే ఎక్కువ. 2013లో కొన్ని గనులకు కోర్టు అనుమతి ఇచ్చినా, తీసే ఖనిజానికి పరిమితి పెట్టింది. పాత జోరు మళ్లీ రాలేదు.

ఇప్పుడు మరో మార్పు కళ్లెదుటే ఉంది. సండూరు వైపు నుంచి తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి దాదాపు 24 కిలోమీటర్ల పైపు కన్వేయర్ వేశారు. బెల్టుకు బత్తా అక్కర్లేదు, నిద్రా అక్కర్లేదు. దుమ్ము తగ్గితే ఊళ్లకు మేలే, కాదనలేం. కానీ ఆ లోడు మీదే బతికే డ్రైవరు రేపటి సంగతి ఇవాళే చూసుకోవాలి. ఒకే గని, ఒకే దారి, ఒకే లోడు అని కూర్చుంటే 2011 మళ్లీ ఎదురు కావచ్చు.

చేయదగిన పనులు లేకపోలేదు. డీజిలు, గ్యాసు, యాసిడ్ ట్యాంకర్లు నడపాలంటే లైసెన్సులో ప్రమాదకర సరుకుల అనుమతి ఉండాలి. దానికి కావలసిన శిక్షణ 3 రోజులే. కాకపోతే తెలుగో కన్నడమో ఒక భాషతో పాటు ఇంగ్లిషూ చదవడం, రాయడం రావాలి. మామూలు రవాణా లైసెన్సు 5 ఏళ్లకు, ఈ అనుమతి 3 ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. గడువు దాటాక పరుగెత్తితే లాభం లేదు.

రాష్ట్రం దాటే లోడుకు 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు తప్పనిసరి. మామూలు లారీకి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. దారిలో బండి చెడితే గడువు ముగిసే వేళకు అటూ ఇటూ 8 గంటల్లోపు పొడిగించుకోవచ్చు. ఈ ముక్క తెలిసిన డ్రైవరు వెంటనే ఓనరుకు ఫోన్ చేస్తాడు. తెలియనివాడు బండితో సహా చెకింగులో చిక్కుకుంటాడు. 2020 తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో యూరియా ద్రవం, సెన్సార్ల సంగతి కూడా అంతే. డ్యాష్‌బోర్డు మీద వెలిగే దీపం అర్థం చెప్పగల డ్రైవరును ఓనరు అంత తేలిగ్గా వదులుకోడు.

భారమంతా డ్రైవరు నెత్తినే పెట్టడం న్యాయం కాదు. వారం రోజులు రోడ్డు మీదుండే మనిషి శిక్షణకు ఎప్పుడు పోతాడు? ఆ 3 రోజుల కూలి ఓనరు ఇవ్వాలి. లారీ సంఘాలు కొత్త రూల్సును కన్నడంతో పాటు తెలుగులోనూ అచ్చేసి స్టాండుల్లో అంటించాలి. బాడుగ రేట్ల కోసం సమ్మె చేయగల సంఘాలకు ఇదేం పెద్ద పని కాదు.

ఖనిజం దారి మారినా సిమెంటు, ధాన్యం, ఉక్కు కదలక తప్పదు. ఆ లోడు ఎవరికి దొరుకుతుందన్నదే ప్రశ్న. కాగితం సరిగా పెట్టుకుని, కొత్త బండి నేర్చుకున్నవాడికే దొరుకుతుంది.