తెలిసిన కథ

కొత్త సినిమా విడుదలైన రోజు. హాలు కిటకిటలాడుతూ ఉంటుంది. తెరపై కథానాయకుడు శత్రువుల చేతిలో దెబ్బలు తిని నేలకొరుగుతాడు. ప్రేక్షకులలో ఒక్కరికీ ఆందోళన ఉండదు. అతడు లేస్తాడని, ప్రతినాయకుడు ఓడిపోతాడని, చివరికి అందరూ ఒక్కచోట చేరి నవ్వుతూ నిలబడతారని టిక్కెట్టు కొన్నప్పుడే వారికి తెలుసు. అయినా అతడు లేచిన క్షణాన హాలంతా ఈలలతో మారుమోగుతుంది. ముందే తెలిసిన కథకు ఇంత సంబరం దేనికి?

విమర్శకులు ఇటువంటి వాటిని ‘మూస చిత్రాలు’ అంటారు. ఆ మాటలో కొంత చులకన ఉంది. వాటిని ఆదరించేవారికి అభిరుచి లేదన్న అభిప్రాయం కూడా అందులో దాగి ఉంది. ఆ అభిప్రాయంతో ఏకీభవించడం కష్టం.

తెలిసిన కథను మళ్ళీ మళ్ళీ వినడం మనకు కొత్త కాదు. రాముడు రావణుని వధిస్తాడని తెలియకనే మన పెద్దలు హరికథకు వెళ్ళారా? తెల్లవార్లూ మేలుకొని తోలుబొమ్మలాట చూసినవారికి కథ తెలియదా? 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో శశిరేఖ చివరికి అభిమన్యునికే దక్కుతుందని ప్రేక్షకులందరికీ తెలుసు. ప్రాచీన గ్రీకు నాటకాలకు ఆధారమైన పురాణగాథలు కూడా అక్కడి ప్రజలు ఎరిగినవే. ఏం జరుగుతుందో తెలిసినప్పుడు, ఎలా జరుగుతుందన్నదానిపై మనసు నిలుస్తుంది. ఆ నిశ్చింతలోనే రసాస్వాదన సాధ్యమవుతుంది.

ఈ ఆకర్షణకు మరొక కారణం నిత్యజీవితంలో ఉంది. పగలంతా కష్టపడిన మనిషికి లోకంలో న్యాయం ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. తెరమీద మాత్రం అది మూడు గంటలలో తప్పక దొరుకుతుంది. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడు మాంత్రికుణ్ణి జయించి రాకుమారిని చేపట్టినప్పుడు, నేలపై కూర్చుని చూసిన సామాన్యుడు తానే గెలిచినంత సంతోషించాడు. దుఃఖితులకు, శ్రమతో అలసినవారికి నాట్యం విశ్రాంతిని కలిగిస్తుందని నాట్యశాస్త్రం ఏనాడో చెప్పింది.

ఈ సంతోషానికి సరిహద్దులు లేవు. రాజ్ కపూర్ ‘ఆవారా’ 1954లో సోవియట్ యూనియన్‌లో ప్రదర్శితమైతే కోట్లాదిమంది చూశారు. ఉత్తర నైజీరియాలోని కానో నగరంలో హౌసా భాష మాట్లాడే ప్రజలు దశాబ్దాలపాటు హిందీ చిత్రాలను తమవిగా ఆదరించారు. వారిలో చాలామందికి ఆ భాష రాకపోయినా తల్లి కన్నీరు, విడిపోయిన ప్రేమికుల వేదన అర్థమయ్యాయి. బందిపోట్ల బారినుండి పల్లెను కాపాడే యోధుల కథను జపాన్ దర్శకుడు కురొసావా 1954లో ‘సెవెన్ సమురాయ్’గా తీశాడు. అదే కథ 1960లో అమెరికాలో గుర్రపు రౌతుల చిత్రమైంది. ఆ రెండింటి ఛాయలూ 1975లో మన ‘షోలే’లో కనిపించాయి.

అయితే ఈ మూసలో ఒక ప్రమాదం ఉంది. ముగింపు తెలుసు గనుక మనం నిశ్చింతగా ఉంటాం. ఆ నిశ్చింతలో, ముగింపుకు చేర్చే దారిని పరీక్షించడం మరచిపోతాం. ఎన్నో చిత్రాలలో నాయకుడు ఒక అమ్మాయి వెంటపడతాడు. ఆమె వద్దంటుంది. అతడు పాట పాడతాడు. ఆమె కోపాన్ని చూసి మనం నవ్వుతాం. చివరికి ఆమె అతణ్ణే ప్రేమిస్తుంది. ఈ వరుసను పదేపదే చూసిన యువకునికి ‘వద్దు’ అన్న మాట ‘ఇంకా ప్రయత్నించు’ అన్నట్లు వినిపిస్తే అది అతని ఒక్కడి తప్పేనా?

తెర బయట ఆ కథ మరో విధంగా నడుస్తుంది. కళాశాలకు వచ్చే దారిలో రోజూ ఒకడు వెంటపడుతున్నాడని ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారేమోనని భయపడి, మౌనంగా భరించే విద్యార్థిని మీ తరగతిలోనే ఉండవచ్చు. ఆమె నడిచే దారిలో నేపథ్యసంగీతం ఉండదు. ఇష్టం లేదని చెప్పిన స్త్రీని పదేపదే వెంబడించడం 2013 నుండి మన చట్టంలో ప్రత్యేక నేరం. సినిమా పాటగా చూపినదానిని చట్టం నేరమన్నది.

అలాగని మూసను పగలగొట్టవలసిన పని లేదు. మూస అంటే కంసాలి లోహాన్ని కరిగించే పాత్ర. అందులో ఏది పోస్తామన్నదే ముఖ్యం. 2016లో వచ్చిన ‘దంగల్’ పాత మూసలోని చిత్రమే. కఠోర సాధన, ఓటమి, చివరికి విజయం అన్నీ మనకు తెలిసినవే. కాని కుస్తీ బరిలో గెలిచి నిలిచినవారు ఆడపిల్లలు. మరుసటి సంవత్సరం చైనాలోనూ ప్రేక్షకులు ఆ చిత్రానికి బ్రహ్మరథం పట్టారు. కథ తెలిసినదైనా ఎవరి ఆనందానికీ కొరత రాలేదు.

కాబట్టి తెలిసిన కథను ఇష్టపడినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. నాయకుడు లేచినప్పుడు హాయిగా ఈల వేయండి. అతడు గెలుస్తాడని మీకు ముందే తెలుసు. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు మాత్రం, ఆ గెలుపు కోసం ఎవరి మాటను వినిపించుకోలేదో ఒకసారి ఆలోచించండి. మరునాడు మీ తరగతిలో ఎవరైనా ‘వద్దు’ అంటే, ఆ మాటను ఉన్నది ఉన్నట్లు వినండి.