మెదక్ చర్చికి చంటిబిడ్డతో వెళ్ళాలనుకుంటే



డిసెంబరు వచ్చిందంటే మా ఓపీ వరండాలో ఈ మాట వినబడుతుంది: "సిస్టరమ్మా, పండగకు మెదక్ పోతాండాం, చిన్నోన్ని తీసకపోవచ్చునా?" తీసుకుపోవచ్చు. కాని క్రిస్మస్ రోజున మాత్రం వద్దని నా అభిప్రాయం. "ఏడాదికి ఒక్క పండగ, ఆ రోజు పోకుంటే ఎట్ల?" అని కొందరు నొచ్చుకుంటారు. నా మనవని విషయంలో నేనూ అదే అన్నాను.

అప్పుడు వానికి ఏడాదిన్నర. రాజుపాలెం నుంచి ఎర్రగుంట్లకు వచ్చి రాత్రి రైలెక్కాము. కాచిగూడలో దిగి, అక్కడినుంచి సుమారు వంద కిలోమీటర్లు జీపులో వెళ్ళాము. ఇంట్లో కాచిన పాలు ఫ్లాస్కులో పోసుకున్నాం. మెదక్ చేరేసరికి అవి పోసి పన్నెండు గంటలు దాటింది. దారిలో డైపరు మార్చే చోటు దొరకదని కోడలు నీళ్ళు తగ్గించింది. చలికాలం గదా, దప్పిక ఉండదులే అని నేనూ ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళుగా వార్డులో తల్లులకు ఏది చేయవద్దని చెబుతున్నానో అదే నా కళ్ళ ముందు జరిగింది.

చర్చి ఆవరణలో ఇసుక వేస్తే రాలనంత జనం. రెండు గంటలు వరుసలో నిలబడ్డాం. బిడ్డ ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాడు, నిద్రపోయాడనుకున్నాం. సాయంత్రానికి నాలుగు విరేచనాలు. నాలుక ఎండిపోయింది, మధ్యాహ్నం నుంచి మూత్రం లేదు. మెడికల్ షాపులో ఓఆర్ఎస్ ప్యాకెట్టు కొని, లీటరు నీళ్ళ సీసాలో కలిపి రాత్రంతా చెంచాతో పట్టాము. తెల్లవారుజామున డైపరు తడిసింది. ఆ తడి చూసి నాకు ఏడుపాగలేదు.

విరేచనాలయితే నీళ్ళూ పాలూ మాన్పించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు. ఎక్కువగా అవ్వలే చెబుతారు. నేనూ అవ్వనే గనుక అనగలను. తల్లిపాలు ఆపకూడదు. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళని రాసి ఉందో అన్ని నీళ్ళలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. నీళ్ళు తక్కువైతే ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ మెల్లగా ఇవ్వాలి. కూల్‌డ్రింకులు, పండ్లరసం డబ్బాలు దీనికి బదులు కావు. బిడ్డ మత్తుగా ఉన్నా, కళ్ళు గుంటపడినా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనబడినా, ఆరాధన సగంలో ఉన్నా సరే లేచి ఆసుపత్రికి పోవాలి.

ఆ చర్చి కట్టడం 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కరవు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని ఇచ్చి, అన్నం పెట్టి కట్టించారని పెద్దలు చెబుతారు. అటువంటి చోట మా బిడ్డను ఎండిన నాలుకతో నిలబెట్టామే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. మొక్కుబడి పెద్దలది. పసివానికి ఆకలి, నిద్ర, దప్పిక తప్ప ఇంకొకటి తెలియదు.

తర్వాతి ఫిబ్రవరిలో మామూలు రోజున మళ్ళీ వెళ్ళాము. ముందురోజు హైదరాబాదులో బంధువుల ఇంట్లో పడుకుని, పొద్దున్నే బయలుదేరి పది గంటలకు చేరాము. అక్కడి కిటికీ అద్దాల బొమ్మలు పగటి వెలుగులోనే కనబడతాయి గనుక ఆ వేళ మాకూ మంచిదయింది. లోపల జనం పలచగా ఉన్నారు. మనవడు నేల మీది రంగు పలకలను ఒక్కొక్కటే తొక్కుకుంటూ ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచాడు. మధ్యలో మూడుసార్లు నీళ్ళడిగాడు. కోడలు మూడుసార్లూ ఇచ్చింది.