అమ్మ గుడికి వెళ్తోంది

'మాది గుంటూరు జిల్లాలో తరాలనాటి కథోలిక కుటుంబం. 1996లో ఇంట్లో కాదన్నా వినకుండా ఒక హిందూ అబ్బాయిని రిజిస్ట్రారాఫీసులో పెళ్లి చేసుకున్నాను. ఆ తర్వాత మా గుడి గడప తొక్కలేదు. పిల్లలిద్దరినీ అత్తవారి పద్ధతిలోనే పెంచాను. పుట్టువెంట్రుకలు తిరుపతిలో తీయించాం. రెండేళ్ల క్రితం మా అమ్మ పోయింది. సమాధి దగ్గర అందరూ జపమాల చెబుతుంటే నా నోరు దానంతటదే కలిసింది. అప్పట్నుంచీ ఆదివారం తెల్లవారుజామున వాకింగ్‌ అని చెప్పి పూజకు వెళ్తున్నాను. ఈమధ్య మా అమ్మాయికి తెలిసిపోయింది. "ఇన్నేళ్లూ మాకెందుకు చెప్పలేదమ్మా? ఇప్పుడు మమ్మల్నీ మారమంటావా?" అని అడిగింది. మావారు ఏమీ అనడంలేదు. నాకు అదే భయంగా ఉంది. నేను మళ్లీ జ్ఞానస్నానం తీసుకోవాలా? పిల్లల సంగతేంటి?'

- పేరు వద్దన్న ఓ సోదరి

అమ్మా, మీ ఉత్తరంలో మూడు ముడులున్నాయి. ఒకటి మీకూ గుడికీ మధ్య. ఒకటి మీకూ మీవారికీ మధ్య. ఇంకొకటి పిల్లలతో. మూడింటినీ కలిపి లాగితే ఇంకా బిగుసుకుంటాయి. ఒక్కొక్కటే విప్పుదాం.

మొదటిది మీరనుకున్నంత కష్టం కాదు. జ్ఞానస్నానం జీవితంలో ఒక్కసారే. ఎన్నేళ్లు దూరంగా ఉన్నా అది చెరిగిపోదు. మళ్లీ తీసుకోనక్కర్లేదు, అడిగినా ఇవ్వరు. సరిచూసుకోవాల్సింది పెళ్లి సంగతి. 1954 ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం మీ పెళ్లి నిక్షేపంలా ఉంది. కానీ పీఠాధిపతి అనుమతి లేకుండా జరిగింది కాబట్టి చర్చి నియమాల లెక్కలో లోటుంది. దానికి రెండు దారులున్నాయి. మీవారు సరేనంటే అనుమతి తెచ్చుకుని, విచారణ గురువుల ముందు, ఇద్దరు సాక్షుల ఎదుట మళ్లీ ప్రమాణం చేసుకోవచ్చు. ఆయనకు అది ఇష్టం లేకపోతే, ఆనాడు మీరిద్దరూ ఇచ్చుకున్న మాటనే మూలం నుంచీ చెల్లేలా పీఠాధిపతి సరిచేసే వీలు 1983 నాటి చర్చి ధర్మశాస్త్రంలో ఉంది. ఏ దారిలోనూ ఆయన మతం మారనక్కర్లేదు. ఇది తేలాక పాపసంకీర్తనం, ఆ తర్వాత దివ్యసత్ప్రసాదం. అప్పటిదాకా పూజలో కూర్చోవడానికి మిమ్మల్ని ఎవరూ ఆపరు. ముందు వెళ్లి ఫాదర్‌గారిని కలవండి. మీలాంటివాళ్లను ఆయన చాలామందినే చూసి ఉంటారు.

రెండోది మీవారి మౌనం. ఆయన భయం దేవుడి గురించి కాకపోవచ్చు. దాదాపు 30 ఏళ్లు కాపురం చేసిన మనిషి పుట్టింటి గుడికి దొంగచాటుగా వెళ్తోందంటే, 'నన్ను చేసుకున్నందుకు బాధపడుతోందా?' అన్న అనుమానం ఏ భర్తకైనా వస్తుంది. ఆ అనుమానం తీర్చాల్సింది మీరే. "పూజకు వెళ్తున్నానండీ. మన పెళ్లి గురించి నాకే బాధా లేదు. మా అమ్మ పోయాక అక్కడికెళ్తే నాకు ఊపిరాడుతోంది" అని చెప్పి చూడండి. ఆ వాకింగ్‌ మాట మాత్రం ఇవాళ్టితో మానేయండి. ప్రార్థనకోసం అబద్ధం ఆడటం ఆ ప్రార్థనకే బరువు.

ఇక మూడోది, అసలైనది. మతాంతర వివాహంలో పిల్లల పెంపకం గురించి చర్చి ఏమంటుందో చూడండి. 1917 నాటి ధర్మశాస్త్రం పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పిస్తామని ఇద్దరిచేతా మాట తీసుకునేది. 1983 నాటి ధర్మశాస్త్రం కథోలిక భాగస్వామి ఒక్కరినే, అదీ చేతనైనంత చేస్తానని మాత్రమే మాట ఇమ్మంటుంది. రెండోవారికి ఆ సంగతి తెలియజేస్తే చాలు. మీ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు. వాళ్లంతట వాళ్లు కోరి, నేర్చుకుని, సిద్ధపడితే తప్ప వాళ్లకు జ్ఞానస్నానం ఇవ్వరు. విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతపెట్టకూడదని రెండో వాటికన్‌ మహాసభ 1965లో స్పష్టంగా చెప్పింది. కాబట్టి పిల్లల్ని వెంటబెట్టుకొస్తేనే మిమ్మల్ని లోపలికి రానిస్తారన్న బెంగ వద్దు.

మీకు పునీత మోనికమ్మ కథ తెలిసే ఉంటుంది. ఆవిడ భర్త కూడా క్రైస్తవుడు కాదు. కొడుకు అగస్టీన్‌ వేరే దారి పట్టాడని కుమిలిపోయి, ఒక పీఠాధిపతి దగ్గరకు వెళ్లి, మావాడితో మాట్లాడి ఒప్పించమని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు ఎవరు చెప్పినా వినే స్థితిలో లేడు, అతణ్ని వదిలేసి నువ్వు ప్రార్థన చేసుకో అన్నాడు. చివరకు అగస్టీన్‌ 387లో ఈస్టర్‌నాడు, ముప్ఫై దాటిన వయసులో, మిలాన్‌లో జ్ఞానస్నానం తీసుకున్నాడు. పక్కనే పదిహేనేళ్ల అతని కొడుకు కూడా. అన్ని ఇళ్లలోనూ ఇలాగే జరుగుతుందని చెప్పను. ఆ తల్లికి దొరికిన సలహా మాత్రం ఏ తల్లికైనా పనికొస్తుంది.

మీ అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నల్లో రెండోదానికి "లేదమ్మా" అన్న ఒక్కమాట చాలు. నొప్పంతా మొదటిదాంట్లో ఉంది. మీరు దాచింది మతాన్ని ఒక్కదాన్నే కాదు, సగం అమ్మమ్మనీ దాచారు. ఆవిడ జపమాల ఎలా చెప్పేదో, క్రిస్మస్‌కు మీ ఇంటిముందు నక్షత్రం ఎవరు కట్టేవారో, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు ఎలా వెళ్లేవారో ఆ పిల్లలకు తెలియదు. అక్కడ కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలు ఇచ్చేవాళ్లలో హిందువులూ ఉంటారని చెబితే మీ అమ్మాయి ఆశ్చర్యపోతుందేమో! మీరు వాళ్లకు బాకీ ఉన్నది ఈ కథే. మతం కాదు. కథ చెప్పడానికి వయసు మించిపోలేదు.

ఇంట్లో దేవుడి గది జోలికి వెళ్లకండి. సంక్రాంతికి పిల్లలు వస్తే అరిసెలు ఎప్పటిలాగే వండండి. అమ్మ తమకు దూరమైపోతోందన్న భయం మాటలకంటే ఇలాంటివాటితోనే త్వరగా తగ్గుతుంది.

ఏదో ఒక ఆదివారం మీ అమ్మాయి "నేనూ వస్తానమ్మా" అంటే తీసుకెళ్లండి. వెనక బెంచీలో కూర్చుని, అంతా చూసి, ఏమీ మాట్లాడకుండా వచ్చేసినా 'ఎలా అనిపించింది?' అని అడక్కండి. ఇంటికొచ్చాక వేడిగా టిఫిన్‌ పెట్టండి. అడగాలనిపిస్తే తనే అడుగుతుంది.