పాత బిల్డింగుకి రంగులు సరే, తాళంచెవి ఎవరి చేతిలో?



పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చదవండి. పాడుబడ్డ పాత కట్టడాలను బాగుచేసి నాటకాలకు, డాన్సులకు ఇవ్వడం ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. ఇది పట్నం వాళ్ల ముచ్చట, మనకేం సంబంధం అని చాలామంది అనుకుంటాం. కానీ ఆ కట్టడాల్లో కొన్నిటికి మనలాంటి వాళ్ల చెమట, నెత్తురు అంటుకుని ఉన్నాయి. అందుకే ఇది మన విషయం కూడా.

ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరం చూడండి. అక్కడ రెడ్‌ఫర్న్ అనే పేట ఆ దేశపు మూలవాసులైన అబోరిజినల్ ప్రజలకు పెద్ద అడ్డా. పక్కనే 1880లలో కట్టిన ఈవ్‌లీ రైల్వే వర్క్‌షాపులు ఉన్నాయి. రైలు పెట్టెలు తయారుచేసిన, రిపేరు చేసిన కార్మికుల్లో అబోరిజినల్ వాళ్లూ ఉన్నారు. 1980ల చివర్లో అవి మూతపడ్డాయి. 2007లో ఆ రైలు పెట్టెల షెడ్డునే 'క్యారేజ్‌వర్క్స్' అనే కళాకేంద్రంగా తెరిచారు. పాత ఇటుక గోడలు, ఇనుప స్తంభాలు అలాగే ఉంచి, వాటి మీద భారం పడకుండా లోపల థియేటర్లను విడిగా కట్టారు.

అయితే నాకు నచ్చింది ఆ గోడలు కాదు. అదే రెడ్‌ఫర్న్‌లో 1972లో అబోరిజినల్ యువత 'నేషనల్ బ్లాక్ థియేటర్' పెట్టుకున్నారు. భూమి హక్కుల మీద, పోలీసుల జులుం మీద వాళ్లే రాసి వాళ్లే ఆడారు. సర్కారు డబ్బు అందక 1977లో అది మూతపడింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2007లో, ఆ వారసత్వాన్ని అందుకుని 'మూగాలిన్' అనే నాటక సంస్థ పుట్టింది. నడిపింది అబోరిజినల్ కళాకారులే. ఆ సంస్థకు క్యారేజ్‌వర్క్స్‌లో చోటు దొరికింది. తాతలు కూలి చేసిన షెడ్డులో మనవలు తమ కథ తామే చెప్పుకున్నారు. పాత బిల్డింగుకి ప్రాణం పోయడం అంటే ఇదీ.

ఇప్పుడు మన దేశానికి రండి. రాంచీ పాత జైలు. 1900 జూన్ 9న బిర్సా ముండా ప్రాణం వదిలింది అక్కడే. ఆ జైలును బాగుచేసి 2021 నవంబర్ 15న మ్యూజియంగా ప్రారంభించారు. 25 అడుగుల విగ్రహం పెట్టారు. పక్కన ఉద్యానవనంలో మ్యూజికల్ ఫౌంటెన్, ఫుడ్ కోర్టు కూడా ప్లాన్‌లో చెప్పారు. జైలును కూల్చకుండా కాపాడినందుకు సంతోషమే. కానీ నా ప్రశ్న ఒకటే. విగ్రహం మాట్లాడదు కదా? బిర్సాను బంధించిన గోడల మధ్య ముండా పిల్లలు ముండారీ భాషలో రోజూ నాటకం రిహార్సల్ చేసుకుంటే, ఆ జైలుకు అంతకంటే గొప్ప జవాబు ఏముంటుంది?

మన దగ్గర సంగతి ఇంకా మీకు తెలిసిందే. ఆగస్టు 9 వస్తే మనం గుర్తొస్తాం. మంత్రిగారు కారు దిగితే థింసా, కలెక్టరుగారు వస్తే కొమ్ము డాన్సు. పది నిమిషాలు ఆడాక "చాలమ్మా, పక్కకు జరగండి" అంటారు. మనం వేదిక ముందు ఆడతాం, వేదిక మీద వేరేవాళ్లు కూర్చుంటారు. కనకరాజు తాతకు గుస్సాడీకి, సకిని రామచంద్రయ్యగారికి కోయ డోలి పాటకు పద్మశ్రీలు వచ్చాయి. 2024లో ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్ల విద్య నేర్చుకుందామనుకునే పిల్లాడు ఏ గదికి వెళ్లాలి? ఎవరిని అడగాలి?

"మన ఆట గుడి ముందు, ఊరి నడిమధ్య ఆడాల్సింది, హాల్లో పెడితే చచ్చిపోతది" అని పెద్దలు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. దండారి దండారిలాగే జరగాలి, నాగోబా పూజ కేస్లాపూర్‌లోనే జరగాలి. దేవుడి పనిని టికెట్టు పెట్టి అమ్మొద్దు. నేను అడిగేది కొత్త నాటకాలకు చోటు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగాయి. పోలవరం కింద ఊళ్లు ఖాళీ అయ్యాయి. వీటి మీద గోండిలో, కోయలో నాటకం రాసేది మనం కాకపోతే ఇంకెవరు? మనం చెప్పకపోతే సినిమావాళ్లు చెప్పిందే చరిత్ర అయిపోద్ది.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బిల్డింగు దొరికితే అయిపోదు. అంత పెద్ద క్యారేజ్‌వర్క్స్ కూడా 2020లో కరోనా దెబ్బకు చేతులెత్తేసే దాకా వెళ్లి, సర్కారు ఆదుకుంటే నిలబడింది. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం, పెద్ద కళాకారులకు నెలనెలా గౌరవ వేతనం ముందే రాయించుకోవాలి. ఏ రోజు ఏ ఆట ఆడాలో నిర్ణయించే కమిటీలో మనవాళ్లే ఎక్కువమంది ఉండాలి. లేకపోతే కొత్త రంగులేసిన బిల్డింగులో కూడా మనం మళ్లీ స్వాగతం డాన్సే ఆడతాం.

1996 పెసా చట్టం మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారాన్ని ఇసుక, మైనింగు తగాదాలకే కాదు, దీనికీ వాడుకోవచ్చు. మీ మండలంలో ఖాళీగా పడి ఉన్న పాత ఆఫీసు, పాత హాస్టల్, పాత గెస్ట్‌హౌస్ ఏదైనా ఉంటే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఎప్పుడు కట్టారో, ఏ శాఖ చేతిలో ఉందో ఊరి పెద్దలను అడిగి రాయండి. వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టి, ఐటీడీఏ పీఓ గారికి ఇద్దాం. అందులో మొదటి లైను బిల్డింగు బాగుచేయమని కాదు, తాళంచెవి మాకివ్వమని ఉండాలి.

జోహార్.