పాత ఓవెన్‌తో హామ్ రేడియో ప్రాజెక్టా? ముందు ఈ లెక్కలు చూడండి

పాడైన మైక్రోవేవ్ ఓవెన్ పాతసామాన్ల కొట్టులో తూకానికే దొరుకుతుంది. అందులోని ట్రాన్స్‌ఫార్మర్‌తో హామ్ రేడియోకి భారీ యాంప్లిఫయర్ చేసేయొచ్చని చెప్పే వీడియోలు బోలెడు. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం తిరుగుతున్న ఈసీఈ, ట్రిపుల్‌ఈ వాళ్లకి ఆశ పుట్టడం సహజం. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మాత్రం మూడు లెక్కలు చూసుకోండి.

టెక్నికల్ లెక్క

3-500జెడ్ లాంటి పవర్ వాల్వుల ప్లేటుకి దాదాపు 3 వేల వోల్టుల డీసీ కావాలి. ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 2 వేల వోల్టుల ఏసీ ఇస్తుంది. కాబట్టి ఐడియా ఉత్తదేం కాదు. చిక్కల్లా డిజైన్‌లో ఉంది. సెకండరీ ఒక కొసని కోర్‌కే కలిపేస్తారు కాబట్టి మామూలు బ్రిడ్జ్ రెక్టిఫయర్ పెట్టలేం. అందుకే కొందరు రెండు ట్రాన్స్‌ఫార్మర్లని ఎదురెదురు ఫేజుల్లో వాడతారు. పైగా ఖర్చు తగ్గించడానికి కోర్‌ని శాచురేషన్ అంచున నడిపిస్తారు. లోడ్ లేకపోయినా కరెంటు లాగుతుంది, ఫ్యాన్ లేకపోతే వేడెక్కిపోతుంది.

లైసెన్సు లెక్క

ఈ డిజైన్లలో చాలావరకు అమెరికావి. అక్కడ 1500 వాట్ల దాకా అనుమతి ఉంది. మన దగ్గర డబ్ల్యూపీసీ ఇచ్చే రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సుకి హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో 50 వాట్లు, జనరల్ గ్రేడ్‌కి 400 వాట్లే పరిమితి. 50 వాట్లకి 13.8 వోల్టుల సప్లై సరిపోతుంది. అంటే కొత్తగా లైసెన్సు తీసుకునే మీకు వేల వోల్టులతో పనే లేదు! కొత్త యాంప్లిఫయర్లు కూడా 50 వోల్టులతో నడిచే ఎల్‌డీమాస్ ట్రాన్సిస్టర్ల వైపు వెళ్తున్నాయి.

ప్రాణం లెక్క

ఇదే అన్నిటికన్నా పెద్దది. ఇదే ట్రాన్స్‌ఫార్మర్‌తో చెక్క మీద మెరుపు డిజైన్లు కాల్చే సరదా అమెరికాలో పలువురి ప్రాణాలు తీసింది. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉండొచ్చు. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందిగా అనుకోకండి. సెకండరీ వైపు షాక్ కొడితే దానికి తెలియదు. హాస్టల్ గదిలో ఒక్కరే కూర్చుని చేసే పని కాదిది.

మరి ఏం చేయాలి?

ఓవెన్ తెరవకుండానే దీన్నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఈ సప్లై మొత్తాన్నీ ఎల్‌టీస్పైస్‌లో సిమ్యులేట్ చేయండి. రిపుల్ ఎంత, లోడ్ పెరిగితే వోల్టేజ్ ఎంత పడిపోతోంది, బ్లీడర్ రెసిస్టర్ ఎన్ని సెకన్లలో కెపాసిటర్‌ని ఖాళీ చేస్తోంది... ఇవన్నీ రిపోర్టులో రాయండి. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లోనూ, సోలార్ ఇన్వర్టర్లలోనూ వందల వోల్టులుంటాయి. ఐసొలేషన్, డిశ్చార్జ్, ఇంటర్‌లాక్ గురించి తడుముకోకుండా చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకి బరువుంటుంది.

రేడియో మీద ఇష్టముంటే ముందు ఏఎస్‌ఓసీ పరీక్ష రాయండి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మన హైదరాబాద్‌లోనే ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి సమాచారం అందించింది. ఆ రోజు అక్కరకొచ్చింది సిద్ధంగా ఉన్న స్టేషన్, దాన్ని నడపడం తెలిసిన మనుషులు. మీరు ముందు సంపాదించాల్సింది కూడా ఆ నేర్పే. వాట్లు తర్వాత పెంచుకోవచ్చు.