ప్రపంచీకరణ లాభనష్టాలు: ఎవరి లెక్క?

ప్రపంచీకరణ మేలా, కీడా? 1991 ఆర్థిక సంస్కరణల నాటి నుంచి వ్యాసరచన పోటీల్లో, సెమినార్లలో ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. ఒకరు పెరిగిన జాతీయాదాయం చూపిస్తారు, మరొకరు మూతపడ్డ మిల్లులు చూపిస్తారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కులం ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తరు.

దళితుల వైపు నుంచి చూస్తే లాభం లేకపోలేదు. ఊరి కట్టుబాట్ల నుంచి బయటపడటానికి నగరాల్లోని కొత్త కొలువులు కొందరికి దారి చూపాయి. మార్కెట్ విస్తరణ కులం పట్టును సడలిస్తుందని చంద్రభాన్ ప్రసాద్ వంటి దళిత మేధావులు చాలాకాలంగా వాదిస్తున్నారు. ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరిన అంబేడ్కర్ జీవితం తెలిసినవారికి, ఎల్లలు దాటిన చదువు ఏం చేయగలదో వేరే చెప్పక్కర్లేదు.

నష్టం మాత్రం చప్పుడు లేకుండా జరుగుతుంది. రాజ్యాంగంలోని 16(4) అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. ఒక ప్రభుత్వ రంగ సంస్థను అమ్మేస్తే అక్కడ రిజర్వేషన్లను ఎవరూ రద్దు చేయనక్కర్లేదు. కొత్త నియామకాల్లో అవి వాటంతటవే మాయమవుతాయి. 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లిన ఎయిరిండియా ఇందుకు ఉదాహరణ.

ఈ నష్టాన్ని మన చేతే ఒప్పించే మాట ఒకటుంది: ప్రతిభ. మార్కెట్‌కు ప్రతిభే ముఖ్యం, కులంతో పనిలేదంటారు. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఆ మాటను పరీక్షకు పెట్టింది. ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమాన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేర్లతో పోలిస్తే దళిత, ముస్లిం పేర్లకు పిలుపు వచ్చే అవకాశం తక్కువని తేలింది.

ఉద్యోగాలతో పాటు కులమూ సముద్రం దాటింది. దాన్ని ఎదిరించే వాదనా దాటింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. జాతి, మతం ఆధారంగా వివక్ష కూడదన్న చట్టం అక్కడ ముందే ఉంది. ఆ జాబితాలో కులాన్నీ చేర్చమని ఉద్యమకారులు అడిగారు. ఎదుటివారు ఇప్పటికే ఒప్పుకున్న సూత్రం మీద నిలబడి అడగడమే వారి బలం.

ఇక్కడా అలాంటి సూత్రం మన చేతిలో ఉంది. ప్రైవేటు విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్లకు 93వ రాజ్యాంగ సవరణ వీలు కల్పించింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ప్రైవేటు కాలేజీ సీటులో న్యాయమైనది ప్రైవేటు ఉద్యోగంలో అన్యాయం ఎలా అవుతుంది? ప్రపంచీకరణపై జరిగే ప్రతి చర్చలోనూ విద్యార్థులు ఈ ప్రశ్న అడగాలి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.